చిన్న దీవిని చూచు పద్ధతి

ఉదయమున పోర్టుబ్లెయిరు రేవులో పడవ నెక్కి, రెండు గంటలలో నీల్ దీవిలో దిగి, మధ్యాహ్న భోజనము చేసి, సాయంకాలపు పడవలో తిరిగి వచ్చు యాత్రికులు నేడు ఎందరో కలరు. వారిని "దీవి ఎట్లున్నది?" అని అడిగినచో, "చాల ప్రశాంతముగ నున్నది, కాని చూచుటకు పెద్దగ ఏమియు లేదు" అందురు. ఈ సమాధానములోని రెండు ముక్కలును పరీక్షింపదగినవే. ప్రశాంతముగ నున్నదనుటలో ఆ ప్రశాంతి ఎవరిది, ఎట్లు ఏర్పడినది అను ప్రశ్న లేదు. చూచుటకు ఏమియు లేదనుటలో చూచుట యనగా నేమి యను విచారణ లేదు.

తెలుగువారికి అండమాను యాత్ర అరుదైన విషయము కాదు. విశాఖపట్టణము నుండి పోర్టుబ్లెయిరునకు ఓడలు ఏనాటినుండియో నడచుచున్నవి. అది సముద్రము మీద రెండున్నర దినముల ప్రయాణము. విమానములు వచ్చిన పిదప ఆ దినములు గంటలైనవి. శ్రీకాకుళము, విశాఖ తీరముల నుండి చేపల వేటకు, కూలికి, వర్తకమునకు పోయి అచటనే స్థిరపడిన కుటుంబములు అనేకము. 2011 జనాభా లెక్కల ప్రకారము అండమాను నికోబారు వాసులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. పోర్టుబ్లెయిరు అంగళ్ళలో తెలుగున బేరమాడుట వింత కాదు. కనుక సెలవులు రాగానే ఉపాధ్యాయ కుటుంబములును, విద్యార్థి బృందములును అటు బయలుదేరుట సహజమే. వింత యేమనగా, అంత దూరము పోయి, సముద్రము దాటి, ఆ చిన్న దీవిలో మూడు గంటలు మాత్రమే ఉండుట.

దీవి నిజముగ చిన్నదే. పోర్టుబ్లెయిరునకు ఈశాన్యముగ సుమారు 37 కిలోమీటర్ల దూరమున, రిచీ ద్వీపసమూహపు దక్షిణ భాగమున నున్నది. వైశాల్యము సుమారు 14 చదరపు కిలోమీటర్లు. 2011లో జనసంఖ్య 3,000కు కొంచెము పైన. పొలిమేరలతో సహా ఒక మోస్తరు తెలుగు గ్రామము ఇంతే యుండును. ఒక కొననుండి మరియొక కొనకు పూటలోపల నడచి పోవచ్చును. రేవు దాటగానే అంగళ్ళ వీథి. వీథి దాటగానే వరిమళ్ళు, పోక తోటలు, అరటి, కొబ్బరి, కూరగాయల పాదులు. ఇచట పండిన కూరగాయలు పడవల మీద పోర్టుబ్లెయిరు అంగడికి పోవును. సముద్రమును చూడ వచ్చిన యాత్రికునకు ఈ పొలములు దారిలో అడ్డము వచ్చినవిగ తోచును. ఆతడు వానిని దాటిపోవును.

తెలుగులో ఏటి నడుమ నున్న నేల లంక. కడలి నడుమ నున్న నేల దీవి. దీవి యన్నది సంస్కృతములోని ద్వీప శబ్దమునుండి వచ్చినది. ద్వి యనగా రెండు, అప్ యనగా నీరు. ఇరుప్రక్కల నీరు కలది ద్వీపము. ఆ అప్ శబ్దమే సమ్ అను ఉపసర్గతో కూడి సమీపమైనది. పాణిని ఈ రెండు మాటలను ఒకే సూత్రముతో సాధించినాడు. దూరమునకు గుర్తుగ అందరును చెప్పుకొను ద్వీపమును, చేరువను తెలుపు సమీపమును తోబుట్టువులని తరగతిలో చెప్పినచో పిల్లలు ఒకింత ఆశ్చర్యపడుదురు. ఆ ఆశ్చర్యము ప్రయాణమునకు మంచి పాథేయము. మాటలను విప్పి చూచుట అలవడినవానికి ఊళ్ళ పేర్లను కూడ విప్పి చూడవలెనను కోరిక కలుగును. నీల్ దీవిలో ఆ కోరికకు కావలసినంత పని కలదు.

"నీల్" అనగానే అచటి నీలజలములు మనస్సున మెదలి, ఇది నీలపు దీవి యని అర్థము చెప్పుకొనువారు కలరు. ఊహ అందముగనే యున్నది. కాని నిజము కాదు. ఈ పేరు జేమ్స్ నీల్ అను సేనానిది. 1810లో స్కాట్లండులో పుట్టి, మద్రాసు ఫ్యూసిలియర్సు అను పటాలమునకు నాయకుడై, 1857లో అలహాబాదు పరిసరములలో ఊళ్ళను తగులబెట్టించి, చెట్లకు మనుష్యులను వ్రేలాడదీయించినవాడు. కాన్పూరులో పట్టుబడినవారిని ఉరి తీయుటకు ముందు వారిచేత నేలమీది నెత్తుటి మరకలను నాకించిన ఘనుడు కూడ ఆతడే. ఆ సంవత్సరము సెప్టెంబరు 25న లక్నో వీథులలో తుపాకిగుండు తగిలి చనిపోయెను. మద్రాసు పటాలపు నాయకుడు కనుక మద్రాసు నగరములో మౌంటు రోడ్డున ఆతనికి విగ్రహము నిలిపిరి. దానిని తొలగింపవలెనని 1927లో సత్యాగ్రహము జరిగినది; ఆ దినములలో కోస్తా, రాయలసీమల తెలుగువారికిని ఆ నగరమే రాజధాని. 1937లో రాజాజీ మంత్రివర్గము ఏర్పడిన పిదప విగ్రహము వీథిని విడిచి మ్యూజియమునకు చేరినది. దీవికి మాత్రము ఆ పేరు మరియు ఎనుబది యేండ్లు నిలిచినది.

నీల్ ఒక్కడే కాదు. చుట్టునున్న దీవుల పేర్లను వరుసగ చదివినచో హేవ్‌లాక్, ఔట్రాం, హెన్రీ లారెన్సు, జాన్ లారెన్సు, నికల్సన్ - 1857 తిరుగుబాటును అణచిన పక్షము వారి హాజరుపట్టీ వలె నుండును. 1858 మార్చిలో 200 మంది ఖైదీలతో పోర్టుబ్లెయిరు ప్రవాసశిక్షా స్థలము ప్రారంభమయినది. తిరుగుబాటు చేసినవారిని గొలుసులతో ఒక దీవిలో దింపి, వారిని ఓడించినవారి పేర్లను ప్రక్క దీవులకు పెట్టిరన్నమాట. తరువాతి కాలమున 1879 నాటి రంప పితూరీలో పట్టుబడిన మన్యపువారు కొందరు కూడ ఆ సముద్రమే దాటి పోయినారు. కాలము గడచినది. 1996లో ఆ దీవులలో కొన్నింటిని చేర్చి ఏర్పరచిన సముద్ర జాతీయోద్యానమునకు రాణీ ఝాన్సీ పేరు పెట్టిరి. ఔట్రాం దీవియు, లారెన్సు సోదరుల దీవులును నేడు ఝాన్సీరాణి ఉద్యానములోనివి. చరిత్రకు హాస్యప్రియత్వము లేదనువారు ఈ పటమును ఒకమారు చూడవలెను.

1943 డిసెంబరు 30న సుభాష్ చంద్రబోసు పోర్టుబ్లెయిరులో జెండా నెగురవేసి, అండమానులకు షహీద్ అనియు నికోబారులకు స్వరాజ్ అనియు పేర్లు తలచెను. సరిగ్గ 75 సంవత్సరములకు, 2018 డిసెంబరు 30న, నీల్ దీవి షహీద్ ద్వీపమైనది. హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీపమైనది. పోర్టుబ్లెయిరు సైతము 2024లో శ్రీవిజయపురమైనది. నీల్ పేరు తొలగించుట న్యాయమే, ఆలస్యమైన న్యాయము. కాని పేరు మారినదని విని ఊరకుండు విద్యార్థికి ఎవరి పేరు పోయినదో, ఏల పోయినదో తెలియకున్నచో ఆ మార్పు పలక మీద తుడుపు మాత్రమే యగును. ఉపాధ్యాయుడు రెండు పేర్లను చెప్పవలెను. ఆ పిమ్మట దీవిలోపలి పేర్లకు రావలెను. అవి సేనానులవి కావు. ప్రభుత్వోత్తరువుల మూలమున దేశమంతట ప్రసిద్ధికి వచ్చినవియు కావు.

దీవిలో ఐదు ఊళ్ళు కలవు. నడుమ నీల్ కేంద్ర. తక్కినవి రామనగర్, లక్ష్మణపూర్, సీతాపూర్, భరత్‌పూర్. దేశవిభజన వలన తూర్పు బెంగాలులో ఇల్లు వాకిలి విడిచి వచ్చిన కుటుంబములను ప్రభుత్వము 1949 నుండి అండమానులకు పంపసాగినది. మొదట దక్షిణ అండమానునకు, పిమ్మట మధ్య, ఉత్తర అండమానులకు, హేవ్‌లాకునకు. 1960వ దశకములో నీల్ దీవికి. అప్పటికది అడవి. వచ్చినవారు అడవి కొట్టి, మోళ్ళు పెరికి, మడి కట్టినారు. పద్మా, మేఘనా నదుల ఒండ్రునేలలో సేద్యము చేసిన చేతులకు ఈ నేల క్రొత్త. ఈ వాన క్రొత్త. నదియే లేని నేల మరియు క్రొత్త. అట్టివారి ఊళ్ళకు రామాయణమునుండి పేర్లు వచ్చినవి. పేర్లు నిర్ణయించినవారి మనస్సున ఏమున్నదో కాగితములు చెప్పవు. కాని తెలుగు పాఠకునకు ఒక సంగతి తట్టక మానదు: రాముడు, సీత, లక్ష్మణుడు ఇల్లు విడిచి అడవికి పోయినవారు, భరతుడు పోయినవారికై ఎదురుచూచుచు నందిగ్రామమున నిలిచినవాడు. ఆ భరతుని పేరిటి ఊరే పడవల రేవునకు చేరువగ నున్నది. ఇది యాదృచ్ఛికమే కావచ్చును. అయినను రాకపోకలకై ఎదురుచూచు చోటికి ఇంతకన్న తగిన పేరు దొరకదు.

రామాయణములో ద్వీపమనగ శోకస్థానము. సీత కన్నీరు కార్చిన చోటు. ఇచట అదే సీత పేరు తూర్పుతీరమున ఒక పల్లెకు నిలిచి, ఆ పల్లెలో కాయగూరలు పండుచున్నవి. జలాశయముల క్రింద ఊరు మునుగగా క్రొత్తచోట ఇండ్లు కట్టుకొని పాత ఊరి పేరే పెట్టుకొన్న తెలుగు కుటుంబములకు ఈ విషయము వేరుగ వివరింప నక్కరలేదు. లక్ష్మణపూర్ తీరమున అలల తాకిడికి తొలిచికొని పోయి సహజముగ ఏర్పడిన రాతి వంతెన యొకటి కలదు. బెంగాలీలు దానికి హౌరా వంతెన యని పేరు పెట్టుకొన్నారు. వినోదమునకు పెట్టిన పేరే. వినోదములో కూడ మనుష్యులు తాము విడిచి వచ్చిన దిక్కునకే చూతురు.

యాత్రికుడు ప్రశాంతి యని మెచ్చుకొను వస్తువు ఈ విధముగ వచ్చినది. అది ప్రకృతి ఊరకయే ఇచ్చినది కాదు. ఒకమారు సర్వమును పోగొట్టుకొని, మరల మొదటినుండి ప్రారంభించి, పగలెల్ల పొలములో పనిచేసి, చీకటి పడగానే నిద్రించువారి ఊరు కనుక అది ప్రశాంతముగ నున్నది. సాయంకాలపు పడవ పోయిన పిదప దీవిలో నిలిచియున్నవానికి మాత్రమే ఇది తెలియును. బెంగాలీ ఇండ్లలో సంధ్యవేళ శంఖమూదు ఆచారము కలదు. మడులలో కప్పలు మొదలుపెట్టును. అలల చప్పుడు పగటికన్న దగ్గరకు వచ్చినట్లుండును. నిశ్శబ్దమని పేరు పెట్టినది నిజముగ ఇన్ని శబ్దముల కూడిక. పగటి యాత్రికునకు తన బృందపు కేకలే వినబడును గనుక ఆతడు దీనిని వినడు. ఒక రాత్రి యుండని వానికి ఆ దీవిని చూచితినని చెప్పుకొను హక్కు సగమే యున్నది.

కంటికి కనబడు వస్తువులను కూడ త్వరపడువాడు చూడలేడు. నీల్ తీరమున దినమునకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటు మీద భరత్‌పూర్ తీరము నున్నని నీలి అద్దము. పాటు దిగినపుడు అదే తీరము గుంటలు గుంటలుగ బయటపడును. ఆ గుంటలలో నక్షత్రపు చేపలు, సముద్రపు దోసకాయలు, ఎండ్రకాయలు, రంగురంగుల చిన్న చేపలు చిక్కుకొని మరల పోటు వచ్చువరకు వేచియుండును. లక్ష్మణపూర్ రాతి వంతెన వద్దకు పోవుటకును పాటు సమయమే తగినది. పాటెప్పుడో పోటెప్పుడో బెస్తవానిని అడిగి తెలిసికొని, అందుకు తగినట్లు తన దినమును అమర్చుకొనువాడు దీవిని చూచును. పడవ టిక్కెట్టు మీది గంటలకు తగినట్లు దీవిని అమర్చబోవువాడు బురదను చూచి, మోసపోయితినని తిరిగి వచ్చును.

పాటు సమయమున ఇంకొక ప్రమాదము కలదు. అది యాత్రికునకు కాదు, పగడములకు. పగడము రాయి కాదు, చెట్టు కాదు. కోట్ల సూక్ష్మజీవులు సున్నముతో కట్టిన ఇల్లు. బండవలె పెరుగు జాతులు సంవత్సరమునకు సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగును. మోకాలి యెత్తు దిబ్బకు అరువది యేండ్ల వయస్సు. అనగా తూర్పు బెంగాలు కుటుంబములు ఇచట అడుగిడిననాటిది. ఛాయాచిత్రమునకై దాని మీద నిలిచిన పాదరక్ష ఒక్క క్షణములో ఎన్ని యేండ్లను విరుచునో లెక్క కట్టుట ఆరవ తరగతి పిల్లవానికి చేతనగును. సముద్రజలము వేడెక్కిన 2010లోను, 2016లోను అండమాను పగడములు విస్తారముగ తెల్లబడినవి. పగడములో నివసించి దానికి ఆహారము సమకూర్చు సూక్ష్మమైన నాచు వేడికి వెడలిపోవుటయే ఆ తెలుపు. దెబ్బ తిని కోలుకొనుచున్న రోగి మీద కాలు పెట్టరాదని వేరుగ చెప్పవలెనా? గవ్వలను, పగడపు ముక్కలను మూటకట్టుకొని వచ్చుట కూడ చట్టవిరుద్ధము. వన్యప్రాణి సంరక్షణకై 1972లో చేసిన చట్టము పగడములకు కూడ వర్తించును. తీరమున రాలిన ముక్కయే కదా అని వాదించు పెద్దలను చూచి పిల్లలు నేర్చుకొనునది ప్రకృతిశాస్త్రము కాదు.

నీటి సంగతి యింకను గట్టిది. చిన్న దీవులలో భూమి క్రింద మంచినీరు ఉప్పునీటి మీద పలుచని కటకము వలె తేలియుండును. వానచేత నిండును, మితముగ తోడుకొన్నంతకాలము నిలుచును, మితి మీరినచో క్రిందినుండి ఉప్పు పైకి వచ్చును. అండమానులలో వానకు కొదవ లేదు, ఏటికి 3,000 మిల్లీమీటర్ల ప్రాంతము కురియును. కాని జనవరి నుండి ఏప్రిల్ వరకు దాదాపు అనావృష్టి. యాత్రికులు క్రిక్కిరిసి వచ్చు మాసములును అవియే. పొలమునకు నీరు మిక్కిలి కావలసిన దినములలోనే బసగృహముల స్నానపుగదులలో కుళాయిలు మిక్కిలి తెరువబడును. ప్లాస్టికు సీసాల మాట చెప్పనక్కర లేదు. దీవిలో పారవేసిన చెత్తకు సముద్రము తప్ప పొరుగూరు లేదు.

ఈ కారణములు చూపి, అసలు ఎవరును పోరాదనువారు కొందరు కలరు. ఆ మాట న్యాయము కాదు. రైతుల బిడ్డలలో అందరికిని పొలము చాలదు. బస చూపుట, స్కూటరు అద్దెకిచ్చుట, చేపల కూర వండి పెట్టుట, పడవ నడుపుట నేడు అనేకులకు జీవనాధారములు. పోవువాడు మానుకొన్నచో నష్టపడువారు వారే. పైగా ఇల్లు కదలని మనుష్యునికి పరుల కష్టము అచ్చులో చదివిన వార్తయే. ప్రశ్న పోవుటయా మానుటయా యని కాదు. ఎట్లు పోవుట యని. మూడు గంటల యాత్రికులు పది మందికన్న రెండు రాత్రుల యాత్రికు డొక్కడు దీవివారికి మేలు. ఆతడు తినునది అచటి బియ్యము, అచటి వంకాయ, నడచునది అచటి గట్టు, మాటలాడునది అచటివారితో. ఆ పది మంది విడిచిపోవునది చెత్త, చప్పుడు.

విద్యార్థులను తీసికొనిపోవు ఉపాధ్యాయులకు ఈ విషయమున ఒక బాధ్యత యున్నది. విహారయాత్ర యనగా నేడు చూడవలసిన స్థలముల పట్టీ. ఒక్కొక్క స్థలమునకు ఇరువది నిమిషములు. ఈల వేయగానే బండి యెక్కుట. పెద్ద నగరములకు ఈ పద్ధతి ఏదో విధముగ చెల్లును. చిన్న దీవికి చెల్లదు. అచట పట్టీ గంటలో ముగియును. ఆ పిమ్మట పిల్లలకు తోచదు. తోచనప్పుడే అసలైన చదువు ప్రారంభమగునని గ్రహించిన ఉపాధ్యాయుడు వారిని ఒక గట్టు మీద కూర్చుండబెట్టి, అరగంట మాటలాడకుండ, వినబడిన శబ్దములను వ్రాయుమనును. మరునాడు ఆ ఊరి వృద్ధునొకనిని, సమ్మతించినచో, ఆతని తలిదండ్రులు ఏ నదీతీరము నుండి వచ్చిరో అడుగుమనును. బెంగాలీ రాకున్నను భయము లేదు. దీవిలో హిందీ అందరకును తెలియును. తిరిగి వచ్చిన పిదప వ్రాయించు వ్యాసములో "ప్రకృతి శోభ వర్ణనాతీతము" అను వాక్యమును మాత్రము నిషేధింపవలెను. వర్ణనాతీతమైనదానికి రెండు పుటలు ఏల?

చివరి దినము తెల్లవారుజామున సీతాపూర్ తీరమునకు పోవలెను. అది తూర్పు కొన. పశ్చిమమున లక్ష్మణపూర్ వద్ద సూర్యాస్తమయమును చూచుటకు చేరినంత మంది ఇచట ఉండరు, నిద్ర మేల్కొనవలెను గనుక. భారతదేశపు ప్రామాణిక కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము కాకినాడకు చేరువగ పోవును. నీల్ దీవి 93 డిగ్రీల మీద నున్నది. డిగ్రీకి నాలుగు నిమిషముల లెక్కన, రేయింబవళ్ళు సమమైన దినములలో ఇచటి ఉదయము కాకినాడ ఉదయముకన్న సుమారు 43 నిమిషములు ముందు. గడియారము రెండు చోట్లను ఒకటే. భూగోళ పాఠములో పిల్లలు వల్లించి మరచు ఈ లెక్కను అచట పరీక్షించుట సులభము: సముద్రమునుండి సూర్యబింబము పూర్తిగ పైకి వచ్చినపుడు, కాకినాడనుండి వచ్చిన బాలుడెవడైన ఇంటికి ఫోను చేసి, బయట ఎట్లున్నదని తల్లిని అడుగవలెను. ఆమె వాకిట దీపము వెలిగించి ముగ్గు వేయుచుండును. ఇంకను చీకటిగనే యున్నదనును.